ఆపిల్ కంటైనరును ఆపేశారు: మొక్కల క్వారంటైన్ తనిఖీ ఎవరి కోసం?

కోయంబేడు కుర్రవాడు

మా మామయ్యకు చెన్నై కోయంబేడు పండ్ల మార్కెట్లో టోకు దుకాణం ఉంది. ఇన్నాళ్లూ దిగుమతిదారు దగ్గర పెట్టెలు కొని అమ్ముకోవడమే మా పని. ఈసారి తెలిసిన వ్యాపారులతో కలిసి యూరప్ నుంచి నేరుగా ఒక రీఫర్ (లోపల చలి ఉంచే) కంటైనరు ఆపిల్ తెప్పించాం. ఓడ అనుకున్న సమయానికే వచ్చింది. కస్టమ్స్ కాగితాల్లో చిక్కు లేదు. బయటి పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసే మొక్కల క్వారంటైన్ అధికారులు మాత్రం మాధవరం దగ్గర కంటైనరు యార్డులో తలుపు తీయించి, ముందు నుంచీ మధ్య నుంచీ పెట్టెలు దింపించి, కాయల తొడిమ గుంటలో ఏదో కనిపించిందని నమూనా ప్రయోగశాలకు పంపారు. నివేదిక వచ్చేదాకా సరుకు కదలదట.

ఆయుధ పూజకు చెన్నైలో ఆపిల్ ఎంత పోతుందో ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. యార్డులో రీఫర్ ప్లగ్గుకు రోజువారీ అద్దె, షిప్పింగ్ కంపెనీకి ఆలస్యపు రుసుము నడుస్తూనే ఉన్నాయి. మామయ్య ఫోను ఎత్తాలంటేనే భయంగా ఉంది.

ఇక్కడి జామకాయ కోస్తే పురుగు, వంకాయ కోస్తే పురుగు. వాటిని అడిగే నాథుడు లేడు. చలిపెట్టెలో సముద్రం దాటి వచ్చిన ఆపిల్ మీద ఆవగింజలో సగం లేని పురుగు కనిపిస్తే ఇంత హంగామానా? దీనివల్ల బాగుపడేది ఎవరో తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితాల కామేశం

తమ్ముడూ, ముందు కంగారు తగ్గించుకో. ప్యారిస్ కార్నర్లో కస్టమ్స్ క్లియరింగ్ పని మీదే బతుకుతున్నవాడిని. కొన్ని సంగతులు చెబితే నీ సరుకు ఎటు పోతుందో చాలావరకు చెప్పగలను.

ఫైటో సర్టిఫికెట్, అంటే సరుకులో తెగులు లేదని పంపిన దేశపు అధికారి ఇచ్చే పత్రం, తెచ్చుకుని ఒకసారి చదువు. మన 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుకు షెడ్యూళ్లు ఉన్నాయి. ఆరో షెడ్యూలులో ఏ దేశం నుంచి ఏ పండు రావచ్చో, ఏయే పురుగులు లేవని అక్కడి అధికారి రాసి ఇవ్వాలో వరుసగా ఉంటుంది. దాన్నే మేము అదనపు డిక్లరేషన్ అంటాం. అందులో ఒక పురుగు పేరు తప్పిపోయినా ఇక్కడ ఆగుతుంది. పండుఈగ ఉన్న దేశమైతే చలి చికిత్స నమోదు కూడా అడుగుతారు. పురుగు చావడానికి సున్నా డిగ్రీల దగ్గర ఇన్ని రోజులు ఉంచాలని లెక్క ఉంటుంది. దారిలో కంటైనరు ఉష్ణోగ్రత ఎక్కడైనా పైకి పోయిందా అన్నది ఆ పట్టిక చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత, దొరికిన పురుగు బతికి ఉందా, చచ్చిందా? చచ్చినదైతే సగం గండం గడిచినట్టే. బతికి ఉంటే అది ఏ జాతి అన్నదే ప్రశ్న. అక్కడి నుంచి దారులు నాలుగు: అలాగే వదలడం, పురుగును చంపే వాయువుతో పొగ పెట్టించి వదలడం, వెనక్కి పంపించడం, నాశనం చేయడం. చివరి రెండింటి దాకా పోయినవి నా చేతుల మీదుగా చాలా తక్కువ.

చెక్క ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తు ముద్ర ఉందా అన్నది కూడా చూసుకో. చెక్కలో పురుగు లేకుండా చికిత్స చేశారనడానికి అదే గుర్తు. పండులో ఏ దోషమూ లేకపోయినా ప్యాలెట్ మీద ముద్ర లేక ఆగిన సరుకులు ఉన్నాయి.

ముక్కుసూటి

ఇదంతా మర్యాదగా చెప్పే కథ. అసలు సంగతి ధర. 2017లో చైనా ఆపిల్‌ను ఆపేశారు. 2021 చివర్లో ఇరాన్ కివీని ఆపేశారు. 2023లో కిలో యాభై రూపాయల కంటే తక్కువ ధరకు వచ్చే ఆపిల్ దిగుమతే వద్దన్నారు. మూడూ కలిపి చూస్తే అర్థం కావడం లేదా? హిమాచల్, కశ్మీర్ తోటల వాళ్లు గొడవ చేసినప్పుడల్లా ఒక పురుగు ప్రత్యక్షమవుతుంది. సుంకం వేస్తే అవతలి దేశం గొడవకు వస్తుంది, పురుగు పేరు చెబితే నోరు మూసుకుంటుంది.

కోయంబేడు తమ్ముడు అడిగినదానికి నా జవాబు: బాగుపడేది యార్డు వాళ్లు, పొగ పెట్టే కంపెనీ వాళ్లు.

పురుగుల పంతులు

ముక్కుసూటి గారు మూడింటినీ ఒకే గాట కట్టేశారు. యాభై రూపాయల నిబంధన విదేశీ వాణిజ్య శాఖది. అది ధర గురించే, ఎవరూ దాచలేదు. చైనా ఆపిల్, ఇరాన్ కివీ మాత్రం వేరు. అక్కడి నుంచి వచ్చిన సరుకులో పురుగులు పదేపదే పట్టుబడ్డాక, హెచ్చరించినా మారకపోయాక ఆపారు. ధర మీద ప్రేమతో ఎవరూ ఏమీ చేయరని నేను అనను. కానీ పురుగు కనిపించడం కల్పన కాదు.

కోయంబేడు బాబు అడిగిన జామకాయ ప్రశ్న బాగుంది. జామలో మీరు చూసే పండుఈగ ఈ నేల మీదే పుట్టింది. దానికి ఇక్కడ శత్రువులు ఉన్నారు, దానితో బతకడం రైతుకు అలవాటే. క్వారంటైన్ వెతికేది ఇక్కడ లేని పురుగు కోసం. మధ్యధరా పండుఈగ అని ఒకటి ఉంది. రెండు వందల రకాలకు పైగా పండ్లు, కూరగాయల్లో గుడ్లు పెడుతుంది. యూరప్‌లో ఉంది, ఆఫ్రికాలో ఉంది, మన దేశంలో లేదు. అది ఒక్కసారి కోలారు మామిడి తోటల్లోనో తేని ద్రాక్షలోనో స్థిరపడితే దాన్ని మళ్లీ వెళ్లగొట్టడానికి ఏ ప్రభుత్వానికీ చేతకాకపోవచ్చు.

మీ ఆపిల్ తొడిమ గుంటలో దొరికింది బహుశా పొలుసు పురుగు. ఆడ పురుగు కాయకు అంటుకుని, మీద మైనపు పెంకు కట్టుకుని కూర్చుంటుంది. చూడడానికి మచ్చలాగే ఉంటుంది. గోరుతో గీకితే పెంకు లేచి కింద పసుపు రంగు ముద్ద కనిపిస్తుంది. అప్పుడే పుట్టిన పిల్ల మాత్రం నడుస్తుంది. కంటికి ఆనదు, గాలికి కూడా పోతుంది. ప్రయోగశాలలో దాన్ని గాజు పలక మీద పెట్టి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద వెనక భాగపు అంచులు చూసి జాతి తేలుస్తారు. పిల్ల దశలో ఉంటే అంత తేలిగ్గా తేలదు, పెంచి చూడాల్సి వస్తుంది. మీకు ఆలస్యం అనిపించే సమయం అక్కడే పోతుంది.

ఎందుకింత పట్టుదల అంటారా? 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి చెట్ల మీద తెల్లటి దూది లాంటి పిండినల్లి కనిపించింది. మెక్సికో దాని పుట్టిల్లు. బొప్పాయితో ఆగలేదు. కర్రపెండలం, మల్బరీ, వంగ, పత్తి, దేనినీ వదల్లేదు. మందు కొట్టినా పైనున్న మైనం మీద జారిపోయేది. చివరికి బెంగళూరులోని జాతీయ కీటక వనరుల సంస్థ 2010లో ప్యూర్టోరికో నుంచి పిండినల్లిలో గుడ్లు పెట్టి దాన్ని చంపే మూడు రకాల చిన్న పరాన్న కందిరీగలను తెప్పించి, క్వారంటైన్‌లో పెంచి పరీక్షించి వదిలితే అప్పుడు అదుపులోకి వచ్చింది. పురుగు అడగకుండా వచ్చింది, దాని విరుగుడు మాత్రం అన్ని అనుమతులూ తీసుకుని వచ్చింది! మధ్యలో ఆ రెండేళ్లూ బొప్పాయి తోటలు నరికేసుకున్న రైతులకు ఎవరూ ప్లగ్గు అద్దె ఇవ్వలేదు.

గుంటూరు ఘాటు

పంతులు గారు బొప్పాయి చెప్పారు, నేను మిరప చెబుతాను. ఉద్యోగం షోలింగనల్లూరులో, ఇల్లు ప్రత్తిపాడు దగ్గర. 2021లో మా ఊళ్లో మిరప పూత మీద నల్లటి నలుసులు కనిపించాయి. అంతకుముందు తామర పురుగు అంటే ఆకు ముడుత, ఆకు కింద పసుపు రంగు పిల్లలు. ఇది పూవు లోపల దూరింది. పూవు విప్పి అరచేతిలో దులిపితే గసగసాలు రాలినట్టు నల్లగా పాకేవి. పూత రాలిపోయేది, నిలిచిన కాయ వంకర తిరిగేది. పక్కింటి పెదనాన్న వారానికి రెండుసార్లు మందు కొట్టి, చివరికి చేను దున్నేసి మొక్కజొన్న వేశాడు. ఎకరాకు కౌలు, విత్తనం, కూలి, మందులు, అన్నీ మట్టిలో కలిశాయి.

ఆ పురుగు ఆగ్నేయాసియాది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారని తర్వాత చదివాను. ఆరేళ్లకు గుంటూరు మిరప మీదికి వచ్చింది. ఏ ఓడలో వచ్చిందో, ఏ పెట్టెలో వచ్చిందో, ఎవరి సంచిలో వచ్చిందో ఎవరికీ తెలియదు. తెచ్చినవాడికి కూడా తెలిసి ఉండదు.

అన్నా, నీ మామయ్య నష్టం నాకు అర్థమవుతుంది. దానికి బిల్లు ఉంది, బీమా ఉండవచ్చు, ఫోను చేసి తిట్టడానికి ఒక మనిషి ఉన్నాడు. మా పెదనాన్న ఎవరికి ఫోను చేయాలి?

ముక్కుసూటి

బాధ నిజమే తమ్ముడూ. కానీ నీ కథ నా వాదననే బలపరుస్తోంది. పిండినల్లి 2008, తామర పురుగు 2015, కొబ్బరి తెల్లదోమ 2016, మొక్కజొన్న కత్తెర పురుగు 2018. అన్నీ ఈ 2003 ఉత్తర్వు అమలులో ఉండగానే వచ్చాయి. చట్టమైతే 1914 నుంచీ ఉంది. ఇన్ని ప్రయోగశాలలు, ఇన్ని ముద్రలు, ఇన్ని రుసుములు ఉండి పట్టుకున్నది ఏమిటి? కోయంబేడు వ్యాపారి ఆపిల్ పెట్టె! కావలివాడు వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ల చెప్పులు లెక్కపెడుతుంటే దొంగ పెరటి గోడ దూకాడు.

పురుగుల పంతులు

ఈ దెబ్బ సరిగ్గానే తగిలింది. అయితే ప్రతి పురుగూ తలుపు నుంచే రాదు. కత్తెర పురుగు రెక్కలొచ్చాక గాలివాటంగా రాత్రికి వంద కిలోమీటర్లు పోగలదు. 2016లో ఆఫ్రికాలో కనిపించింది, 2018లో శివమొగ్గలో కనిపించింది. దాన్ని రేవులో ఆపి ఉండేవారని నేను బల్ల గుద్ది చెప్పలేను. పట్టుబడి ఆగిపోయిన పురుగుకు చరిత్ర ఉండదన్నది కూడా మరవకూడదు. రాని తెగులు గురించి పత్రికలు రాయవు.

ఇక పెరటి గోడ మాట. నా ఉద్యోగమంతా ఈ పురుగుల మధ్యే గడిచింది, నా అభిప్రాయం ఇది: తినే పండు కంటే నాటే మొక్క వంద రెట్లు ప్రమాదం. పండు వంటింటికి పోతుంది, తొక్క చెత్తబుట్టకు పోతుంది. మొక్క నేరుగా పొలానికి పోతుంది, తనతో వచ్చిన అతిథులకు అక్కడే భోజనం పెడుతుంది. మన చరిత్ర చూడండి. అరటి గుబురు ఆకు తెగులు 1940లో సిలోన్ నుంచి పిలకలతో వచ్చింది. బంగాళాదుంప బంగారు నులిపురుగు 1961లో నీలగిరుల్లో బయటపడింది. అక్కడి విత్తన దుంప బయటికి పోకుండా ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. శాన్‌హోసె పొలుసు పురుగు బ్రిటిష్ కాలంలోనే నారు మొక్కలతో కశ్మీర్ ఆపిల్‌కు చేరింది. ఇవన్నీ నాటే సరుకు పుణ్యం.

చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. తినే పండుకు ఒక పద్ధతి, నాటే మొక్కకు మరో పద్ధతి. కొన్ని మొక్కలను దిగుమతి అయ్యాక కూడా అధికారులు ఆమోదించిన చోట నిర్ణీత కాలం విడిగా పెంచి, తెగులు లేదని తేలాకే వదలాలి. పరిశోధన సంస్థలు తెప్పించే విత్తనాలకు ఢిల్లీలో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ వారి పరీక్షలు ఉన్నాయి. రాతలో ఏ లోటూ లేదు. మనుషులు, పరికరాలు, సమయం ఎటు ఖర్చవుతున్నాయన్నదే నా గొడవ. పండ్ల కంటైనర్లు ఎక్కువ, రుసుము ఎక్కువ, తొందరపెట్టేవాళ్లూ ఎక్కువ. ఉన్న శక్తి అటే పోతుంది.

కాగితాల కామేశం

పంతులు గారూ, పూర్తిగా ఒప్పుకోను. పండు వంటింటికే పోతుందని ఎవరన్నారు? కుళ్లిన పండు కోయంబేడు వెనక గుట్టలుగా పడి ఉంటుంది, ఆవులు తింటాయి, లారీల్లో ఊళ్లకు పోతుంది. పండుఈగ పురుగు పండులోంచి దిగి మట్టిలోనే కదా ప్యూపా అయ్యేది? మీరు చెప్పిన మధ్యధరా ఈగకు మొక్క అక్కర్లేదు, ఒక కుళ్లిన నారింజ చాలు.

పురుగుల పంతులు

పండుఈగ విషయంలో కామేశం గారి మాటే సరి. అందుకే పండుఈగ ఉన్న దేశాల నుంచి వచ్చే పండుకు చలి చికిత్స అడుగుతారు. నా పోలిక పొలుసు పురుగుకు, పిండినల్లికి, నులిపురుగుకు, వైరస్ తెగుళ్లకు వర్తిస్తుంది.

కడియం పూలబండి

మా నర్సరీల పేరు ఎవరూ ఎత్తలేదు కానీ అందరి చూపూ ఇటే ఉందని తెలుసు, అందుకని నేనే వచ్చాను. కడియం నుంచి చెన్నై అపార్టుమెంట్లకు, సముద్ర తీరం వెంట ఈసీఆర్ రోడ్డు రిసార్టులకు మొక్కలు తోలుతాను.

అలంకరణ మొక్కలు థాయ్‌లాండ్ నుంచి, చైనా నుంచి వస్తాయి. నిజమే. పెద్ద దిగుమతిదారులు పర్మిట్ తీసుకునే తెస్తారు. మట్టితో రాకూడదు కాబట్టి వేళ్లు కడిగి, కొబ్బరి పొట్టు లాంటి దానిలో చుట్టి వస్తాయి. చిన్నవాళ్లం మేము వాళ్ల దగ్గర కొంటాం. అయితే విమానం దిగేవాళ్ల సంచుల్లో వచ్చే కొమ్మల సంగతి వేరు. డ్రాగన్ ఫ్రూట్ గాలి వీచినప్పుడు చూడాలి! ఫలానా దేశపు ఎర్ర రకం అని చెప్పి ఒక్కో ముక్క వందల రూపాయలకు అమ్మినవాళ్లు ఉన్నారు. దానికి ఏ కాగితమూ ఉండదు. నేను అడిగితే నవ్వుతారు. ఇప్పుడు హాస్ అవకాడోకు అదే గాలి.

తెల్లదోమ మాట కూడా చెబుతాను. 2016లో పొల్లాచ్చి కొబ్బరిలో మొదట కనిపించింది, ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు, గోదావరి జిల్లాల తోటల్లోకి వచ్చింది. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, పైన జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి. కొబ్బరి కింద వేసిన కోకో ఆకులు, అరటి ఆకులు కూడా నల్లబడ్డాయి. చెట్టు చావలేదు గానీ ఇంటి ముందు కారు నిలిపితే అద్దం మీద జిగురు. దీనికి కూడా మందు కంటే పరాన్న కందిరీగే పని చేసింది. మందు కొట్టిన తోటల్లో ఆ మిత్రపురుగు చచ్చి తెల్లదోమ ఇంకా పెరిగింది. నర్సరీ మొక్కల మీద అది ఊళ్లు దాటిందని మమ్మల్ని అన్నారు. కాదని వాదించను. లారీలో పోయే మొక్కను మా జిల్లా దాటేటప్పుడు ఆపి చూసేవాడు ఎవరున్నారు? దేశం గడప దగ్గర కాపలా ఉంది, దాటాక ఇల్లంతా బార్లా తెరిచే ఉంది.

మిద్దెతోట మాలతి

ఇంత పెద్ద చర్చలో నా చిన్న సందేహం. ఉండేది నంగనల్లూరులో, డాబా మీద తోట. అమెరికాలో ఉన్న చెల్లెలు వచ్చే నెల వస్తోంది, రంగురంగుల టమాటా విత్తనాలు తెస్తానంది. తిరిగి వెళ్లేటప్పుడు కరివేపాకు, కొత్త బియ్యం పట్టుకుపోతానంటోంది. చిన్న పొట్లాలే కదా, పర్వాలేదా?

ఇంకొకటి. ఈ పొగ పెట్టిన పండ్లు తినవచ్చా?

కాగితాల కామేశం

అమ్మా, రెండు వైపులా చిక్కే. పొట్లం చిన్నదైనా విత్తనం విత్తనమే. నాటే విత్తనానికి పర్మిట్, ఫైటో సర్టిఫికెట్ కావాలి. తినడానికి తెచ్చుకునే కొద్దిపాటి పండ్లతో విత్తనాన్ని కలపకండి. 2020లో అడగకుండానే చైనా నుంచి తపాలాలో విత్తన పొట్లాలు వచ్చాయని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది గుర్తుందా? భయం అదే.

పురుగుల పంతులు

మాలతి గారూ, కరివేపాకు అమెరికా విమానాశ్రయంలో తీసి పారేస్తారు. కరివేప నిమ్మ కుటుంబపు మొక్క. దాని మీద నిమ్మ సిల్లిడ్ అనే చిన్న పురుగు బతుకుతుంది. అది నిమ్మ, నారింజ చెట్లకు పచ్చతెగులు మోసుకొస్తుంది. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో కనిపించాయి. అప్పటి నారింజ దిగుబడిలో ఇప్పుడు పదో వంతు కూడా మిగల్లేదు. బియ్యానికీ అంతే. మన దగ్గర గాదెల్లో మామూలుగా ఉండే ఖప్రా పెంకుపురుగు వాళ్లకు లేదు, అందుకని మన వైపు నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం రానివ్వరు. వాళ్ల పురుగు మనకు ఎంత భయమో మన పురుగు వాళ్లకు అంత భయం. 2014లో యూరప్ మన మామిడిని, వంకాయ, కాకర, పొట్లకాయ, చేమదుంపలతో సహా ఆపింది కూడా పండుఈగల వంటి పురుగుల వల్లే. మనం ప్యాకింగ్ దగ్గర తనిఖీ బాగు చేసుకున్నాక 2015లో మామిడి మీద నిషేధం ఎత్తేశారు. అమెరికాకైతే 2007 నుంచి వికిరణ చికిత్స చేసిన, అంటే పురుగు వృద్ధి కాకుండా కిరణాలు తగిలించిన మామిడే పోతోంది. ముక్కుసూటి గారు దీన్ని కూడా ధర రాజకీయం అంటారేమో!

పొగ మాట: వాడేది మిథైల్ బ్రోమైడ్ వాయువు. పరదా కింద లేదా మూసిన కంటైనరులో లెక్కగా వదిలి, నిర్ణీత గంటల తర్వాత గాలి ఆడించి తీస్తారు. పని అనుమతి ఉన్నవాళ్లే చేయాలి, మనుషులకు అది విషవాయువే. పండులో మిగిలేది చాలా తక్కువ. కానీ ఓజోన్ పొరకు చెడుపు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద మిగతా వాడకాలను చాలావరకు దశలవారీగా మాన్పించారు. క్వారంటైన్‌కు మాత్రం మినహాయింపు ఉంచారు. దానికి సరితూగే మందు ఇంకా అన్ని సరుకులకూ దొరకలేదు.

పురుగుమందు అవశేషాలు, మైనం పూత వంటివి క్వారంటైన్ వాళ్లు చూడరు. అది ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పని, నమూనా విడిగా తీస్తారు. ఈ రెంటినీ కలిపి తిట్టేవాళ్లు ఎక్కువ.

నిర్వాహకుడు

ఒక సభ్యుడు ఫలానా అధికారి పేరు, ఫోను నంబరు పెట్టారు. తీసేశాను. కార్యాలయాల మీద ఫిర్యాదు ఉంటే పేర్లు లేకుండా రాయండి.

కోయంబేడు కుర్రవాడు

నివేదిక వచ్చింది. పంతులు గారు ఊహించినట్టే పొలుసు పురుగు, బతికే ఉంది. మన ఉత్తర్వులో అడ్డు చెప్పే జాతి కాదట. పొగ పెట్టించి వదిలారు. ఈ ఉదయం చివరి లారీ కోయంబేడు చేరింది. పూజ గిరాకీ చాలావరకు పోయింది. కాయ గట్టిదనం తగ్గలేదు కానీ మామయ్య ఆశించిన ధర రాలేదు.

గుంటూరు తమ్ముడూ, నీ మాట మామయ్యకు చదివి వినిపించాను. ఆయన ఊరు చిలకలూరిపేట పక్కనే, బంధువులంతా మిరప రైతులే. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తనిఖీ చేయనీ, కానీ పండగ సెలవుల్లో కూడా ప్రయోగశాల తెరిచి ఉండాలి కదా" అన్నాడు. అది మాత్రం నా మాట కూడా. పాడయ్యే సరుకును ఆపే అధికారం ఉన్నవాళ్లకు ఆదివారం పని చేసే మనుషులు కూడా ఉండాలి. కందులకు, కలపకు రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు, పండు ఆగదు.

కామేశం గారూ, వచ్చే కంటైనరుకు ముందే ఏం చూసుకోవాలి?

కాగితాల కామేశం

ఓడ ఎక్కకముందే ఫైటో సర్టిఫికెట్ నకలు తెప్పించుకుని ఆరో షెడ్యూలుతో పక్కపక్కన పెట్టి చదువు. అక్కడి ఎగుమతిదారు వేరే దేశానికి పంపే వాక్యాలే మనకూ అతికిస్తుంటాడు. తోట పేరు, ప్యాకింగ్ కేంద్రం నంబరు పెట్టె మీద ఉన్నాయో లేదో ఫోటోలు అడుగు. పెట్టెలు సర్దే ముందు తొడిమ గుంటను గాలితో ఊదించి, కుంచెతో తుడిపించమని ఒప్పందంలో రాయించు. పొలుసు పురుగు అక్కడే కూర్చుంటుంది. కంటైనరు లోపల చలి నమోదు పరికరం దింపేటప్పుడు పారేయవద్దు, అది నీ సాక్ష్యం. పండగకు ఓడ దిగేలా కాదు, పండగకు ముందే తనిఖీ ముగిసేలా తేదీ లెక్కపెట్టుకో.

ముక్కుసూటి

కుర్రవాడి సరుకు దక్కింది, సంతోషం. నా పట్టు మాత్రం వదల్లేదు. ఏ రేవులో, ఏ నెలలో, ఏ దేశపు సరుకులో ఏ పురుగు పట్టుబడిందో వ్యాపారికీ రైతుకూ అర్థమయ్యే భాషలో నెలనెలా బయట పెట్టమనండి. అప్పుడు ఏది పురుగు, ఏది రాజకీయం అన్నది నేనే చదువుకుని తేల్చుకుంటాను. పంతులు గారు చెప్పిన నాటే మొక్కల లెక్క కూడా అందులో పక్కనే ఉండాలి.

గుంటూరు ఘాటు

ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఆ పట్టిక తెలుగులో, తమిళంలో కూడా రావాలి. 2015లో బెంగళూరు బొప్పాయి మీద దొరికినదాని పేరు మా ఊళ్లో పురుగుమందుల దుకాణం వాడికి 2021లో కూడా తెలియదు. వాడు మాకు పాత తామర పురుగు మందే అమ్మాడు.